తొలి నవల ఏది? – ఒక్క మార్కు ప్రశ్న మీద ఒక పాత పంతులు తగవు



పోయిన వారం కుప్పం నుంచి మా తమ్ముడి మనుమరాలు ఫోను చేసింది. ఏదో పోటీ పరీక్షకు చదువుతున్నది. "తాతా, తెలుగులో తొలి నవల ఏదని బిట్టు ఉండాది. ఒక గైడులో రాజశేఖర చరిత్రము అని ఉంది, ఇంకో గైడులో శ్రీరంగరాజ చరిత్ర అని ఉంది. ఏది పెట్టేది?" అని అడిగింది. ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి గనుక జవాబు నాలుక చివరనే ఉంది. "పరీక్షలో అయితే రాజశేఖర చరిత్రమే పెట్టు తల్లీ" అన్నాను. ఫోను పెట్టేశాక సిగ్గువేసింది. ఆ పిల్ల అడిగింది సాహిత్య ప్రశ్న. నేను చెప్పింది పరీక్ష జవాబు. పుంగనూరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చేసింది ఇదే గదా అనిపించింది.

ఆ సిగ్గుకు ఇంకొకటి తోడయింది. ఈ మధ్య మదనపల్లెలో ఒక సాహిత్య సభకు వెళ్ళాను. ఒక వక్త లేచి, నవల అచ్చంగా ఆంగ్లేయుల సరుకనీ, మనవాళ్ళు గోల్డ్‌స్మిత్‌కు పంచె కట్టి, నామాలు పెట్టి, గోదావరి ఒడ్డున నిలబెట్టారనీ సెలవిచ్చారు. చప్పట్లు మ్రోగాయి. తరువాతి వక్త లేచి, బాణుని కాదంబరి, పింగళి సూరన కళాపూర్ణోదయము ఉండగా నవల మనకు కొత్తదా, తెల్లవాడు పుట్టకముందే మనకు నవల ఉన్నదని గర్జించారు. మళ్ళీ చప్పట్లు. మొదటి మాటకూ రెండవ మాటకూ చప్పట్లు కొట్టినవి అవే చేతులు. రెండు మాటలూ ఏకకాలంలో నిజం కావడం అసాధ్యమన్న సంగతి ఆ సభలో ఎవరికీ పట్టలేదు. మర్యాదకోసం నేనూ నోరు మెదపలేదు. అక్కడ మ్రింగిన మాటలు ఇక్కడ కక్కుతున్నాను.

నా వాదం ముందే చెప్పేస్తాను. నవల ఇంగ్లండు మనకు దానం చేసిన వస్తువు కాదు. మన అటక మీద పూర్వం నుంచీ పడి ఉన్న వస్తువూ కాదు. సామాన్యుని మాటను సామాన్యుని మాటగా వినే చెవి, దానిని వ్రాయగల వచనం ఎక్కడ కలిస్తే అక్కడ నవల పుట్టింది. మన దేశంలో ఆ చెవి సిద్ధమైంది. ఆ వచనమూ ఉండేది. ఆ వచనాన్ని గుమ్మం బయట నిలబెట్టినవారు మా పండితులు. ఆ నేరంలో నాకూ వాటా ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

ముందుగా ఆంగ్ల నవల పుట్టుక చూద్దాం. అది ఆంగ్లేయుల సొత్తు అంటున్నాం గనుక, ఆ సొత్తు వారికెలా వచ్చిందో చూడాలి గదా.

డానియల్ డీఫో 'రాబిన్సన్ క్రూసో' 1719లో అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు దాదాపు అరవై. వ్యాపారం చేసి దివాలా తీసి, పత్రిక నడిపి, వ్రాసిన కరపత్రానికి శిక్షగా 1703లో నడివీథిలో బొండకొయ్యలో నిలబడిన మనిషి. ఆయన తన పుస్తకాన్ని నవల అనలేదు. అట్టమీద తన పేరైనా వేసుకోలేదు. ఇది క్రూసో అనే నావికుడు స్వయంగా వ్రాసుకున్న చరిత్ర అని అచ్చువేయించాడు. 1722లో 'ఎ జర్నల్ ఆఫ్ ది ప్లేగ్ ఇయర్' వ్రాసినప్పుడూ అంతే. 1665 నాటి ప్లేగును కళ్ళారా చూసిన పౌరుడు చెబుతున్నట్లు వ్రాశాడు. ఆ ప్లేగునాటికి డీఫో పసివాడు. అంటే ఆంగ్ల నవల తొలి అడుగు ఒక దొంగ వాంగ్మూలం. 'ఇది కథ కాదు, జరిగిందే' అని నమ్మబలకడానికి ఆయన వాడిన సాధనం వివరం. ఓడ నుంచి ఏమేమి తెచ్చుకున్నాడు, బార్లీ ఎలా మొలిచింది, కుండ ఎలా కాల్చాడు, ఇటువంటి వివరం. అలంకార శాస్త్రంలో దీనికి చోటు లేదు. సంత లెక్కల చిట్టాలో ఉంది.

శామ్యూల్ రిచర్డ్‌సన్ అచ్చుకూటం యజమాని. చదువు తక్కువైన జనం ఉత్తరాలు వ్రాసుకోవడానికి పనికివచ్చే నమూనా ఉత్తరాల పుస్తకం వ్రాసిపెట్టమని పుస్తక వ్యాపారులు ఆయనను కోరారు. ఆ పని చేస్తుండగా, యజమాని బలాత్కారాన్ని ఎదిరించే ఒక పనిపిల్ల ఉత్తరాలుగా 1740లో 'పామెలా' పుట్టుకొచ్చింది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఇంటి పనిపిల్ల కథానాయిక కావడమేమిటని హెన్రీ ఫీల్డింగ్ వెక్కిరించి 1741లో 'షామెలా' అనే వికటకావ్యం వ్రాశాడు. 1742లో 'జోసెఫ్ ఆండ్రూస్' వ్రాసి, ఇది సెర్వాంటిస్ పద్ధతిలో వ్రాసినదని శీర్షిక పుటలోనే చెప్పుకున్నాడు. సెర్వాంటిస్ స్పెయిన్ వాడు; ఆయన 'డాన్ కిహోటె' రెండు భాగాలు 1605, 1615లలో వచ్చాయి. అసలు 'నావెల్' అనే మాటే ఇటలీ వారి 'నొవెల్లా' నుంచి వచ్చింది.

ఇప్పుడు చెప్పండి. ఫీల్డింగ్ స్పెయిన్ నుంచి తెచ్చుకుంటే అది ఆంగ్ల నవల ఆవిర్భావం. వీరేశలింగం పంతులు ఇంగ్లండు నుంచి తెచ్చుకుంటే అది అనుకరణ. ఈ తూకంరాయి ఏ దుకాణంలోది?

ఇంకొక మాట. 'తొలి ఆంగ్ల నవల ఏది?' అంటే ఆంగ్లేయులకే ఏకాభిప్రాయం లేదు. కొందరు క్రూసో అంటారు, కొందరు పామెలా అంటారు. ఏఫ్రా బేన్ అనే స్త్రీ 1688లోనే 'ఒరూనోకో' వ్రాసింది గదా అంటారు మరికొందరు. క్రూసో వెలువడిన 1719లోనే ఎలైజా హేవుడ్ 'లవ్ ఇన్ ఎక్సెస్' మొదటి భాగం వెలువడి, విపరీతంగా అమ్ముడుపోయింది. ఇయన్ వాట్ 1957లో 'ది రైజ్ ఆఫ్ ది నావెల్' వ్రాసి డీఫో, రిచర్డ్‌సన్, ఫీల్డింగ్ ముగ్గురినీ పీటలమీద కూర్చోబెట్టాడు. వాట్ విద్వత్తును నేను కాదనను. కాని ఆ పీటల వరుసలో ఆడవారికి చోటు చాలలేదు. 1986లో డేల్ స్పెండర్ 'మదర్స్ ఆఫ్ ది నావెల్' అనే పుస్తకంతో ఆ మరపును నిలదీసింది. 1996లో మార్గరెట్ డూడీ ఇంకా వెనక్కి వెళ్ళి, ప్రాచీన గ్రీకు వచన కథలను వదిలేసి నవలకు ఇంగ్లండులో పుట్టినరోజు చేయడమేమిటని అడిగింది. ఇంతగా తేలని లెక్కను మన గైడులు ఒక్క మార్కుకు తేల్చేశాయి.

ఇక మన ఇంటికి వద్దాం.

నరహరి గోపాలకృష్ణమ శెట్టి కర్నూలులో డిప్యూటీ కలెక్టరు. లార్డు మేయో కాలంలో, దేశస్థుల ఆచార వ్యవహారాలను చిత్రించే వచన రచనలను ఆహ్వానిస్తూ వెలువడిన ప్రకటన చూసి, 1872లో 'శ్రీరంగరాజ చరిత్రము' వెలువరించారు. దానికి మరొక పేరు 'సోనాబాయి పరిణయము'. లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయి అందులో నాయిక. కందుకూరి వీరేశలింగం పంతులు 'రాజశేఖర చరిత్రము' 1878 నుంచి 'వివేకవర్ధని'లో వచ్చి, 1880లో పుస్తకమైంది. ఆయన దానిని వచన ప్రబంధమన్నారు. దీనికి 'వివేకచంద్రిక' అనే పేరు కూడా ఉంది. దానిని విమర్శించిన కాశీభట్ల బ్రహ్మయ్యశాస్త్రి గారే ఈ ప్రక్రియకు 'నవల' అనే మాటను స్థిరపరిచారు. కొత్త విషయాలను గ్రహించేది నవల అని వ్యుత్పత్తి చెప్పారు. తెలుగులో 'నవల' అంటే స్త్రీ అనే అర్థం ముందునుంచీ ఉంది. పామెలా, సోనాబాయిలను తలచుకుంటే ఆ శ్లేష ఊరికే కుదరలేదనిపిస్తుంది.

వీరేశలింగం గారిది అనుకరణ అనేవారికి ఒక్కటే చెబుతాను. గోల్డ్‌స్మిత్ 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' (1766) తెనిగించబోయి, మానుకొని, స్వతంత్రంగా వ్రాయబూనానని పంతులుగారే చెప్పుకున్నారు. దొంగ తన దొంగతనాన్ని ముందుగా చాటుకోడు. ఒక మంచి కుటుంబం సంపద పోగొట్టుకొని కష్టాలపాలై, మళ్ళీ తేరుకోవడం గోల్డ్‌స్మిత్ చట్రం. నిజమే. కాని ధవళేశ్వరంలో రాజశేఖరుడి చుట్టూ చేరే పొగడ్తరాయుళ్ళు, బంగారం చేసిపెడతానని ఇల్లు గుల్లచేసే యోగి, శకునాలు, భూతవైద్యాలు వేక్‌ఫీల్డులో లేవు. ఈనాటికీ మా మదనపల్లె చుట్టుపక్కల గుప్తనిధుల పేరిట, బంగారం రెట్టింపు పేరిట మోసపోయినవారి వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ యోగి ఇంగ్లండు నుంచి దిగుమతి కాలేదు. పైగా ఆ పుస్తకం 1887లో హచిన్సన్ అనువాదంతో 'ఫార్చ్యూన్స్ వీల్' అనే పేరున లండనులో అచ్చయింది. అప్పు తెచ్చుకున్నవాడు వడ్డీతో తీర్చాడన్నమాట. ఠాగూరు 1919లో మా మదనపల్లె థియొసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు తన బెంగాలీ 'జనగణమన'కు ఆంగ్లరూపం ఇక్కడే ఇచ్చారు. ఆయన ఇంగ్లీషుకు ఇస్తున్నారా, ఇంగ్లీషు నుంచి తీసుకుంటున్నారా అని ఆ కళాశాలలో ఎవరూ లెక్క కట్టలేదు. సాహిత్యంలో ఇచ్చిపుచ్చుకోవడాలు అలాగే సాగుతాయి.

మరి 'అంతా మన దగ్గరే ఉంది' అనే రెండవ వక్త సంగతి? సూరనకు నేను మొక్కుతాను. పదహారవ శతాబ్దిలో పురాణాన్ని ప్రక్కన పెట్టి, సొంతంగా కథ కల్పించి, కథలో కథను ముడివేసి, ముందు జరిగింది వెనుక చెప్పి, వెనుక జరిగింది ముందు చెప్పి నడిపించిన మేధ సామాన్యమైనది కాదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో కళాపూర్ణోదయాన్ని ఆంగ్లీకరించి, దానిని నవల అనదగునని వాదించారు. ఆ వాదం చదవదగినదే. అయినా నాకు ఒప్పుదల కాలేదు. కళాపూర్ణోదయంలో కథ ఉన్నది, కల్పన ఉన్నది, మనసుల లోతు ఉన్నది. కాని బియ్యం ధర లేదు. ఎవరికి ఎంత అప్పుందో లేదు. ఫలానా వారం, ఫలానా వీథి, ఫలానా మనిషి అనే పట్టింపు లేదు. అవి లేకపోవడం సూరన లోపం కాదు. ఆయన వ్రాసినది మరొక గొప్ప వస్తువు. ఆ గొప్ప వస్తువును నవల అని పిలిస్తే సూరనకు కొత్తగా వచ్చే గౌరవమేమీ లేదు. ఆంగ్లేయుడి కొలతబద్దతో మన ప్రబంధాన్ని కొలిచి, 'చూడు, సరిపోయింది' అని మురిసిపోవడమే అవుతుంది. మొదటి వక్త దాస్యం బయటకు కనబడుతుంది; రెండవ వక్త దాస్యం పౌరుషం వేషం వేసుకుంటుంది. అంతే తేడా.

అయితే నవల పుట్టడానికి కావలసిందేమిటి? ఈ ముసలితనంలో తీరికగా పేర్లు, ఉద్యోగాలు ఒకచోట వ్రాసుకొని చూశాను. నాకొక పోలిక కనబడింది, మీరూ చూడండి.

'టామ్ జోన్స్' (1749) వ్రాసిన ఫీల్డింగ్ లండనులో మేజిస్ట్రేటు. బెంగాలీలో 'దుర్గేశనందిని' (1865) వ్రాసిన బంకించంద్రుడు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఉర్దూలో 'మిరాతుల్ ఉరూస్' (1869) వ్రాసి సర్కారు బహుమతి పొందిన నజీర్ అహ్మద్ సర్కారు ఉద్యోగి. తమిళంలో 'ప్రతాప ముదలియార్ చరిత్రం' (1879) వ్రాసిన వేదనాయకం పిళ్ళై మాయవరంలో మునసబు. మలయాళంలో 'ఇందులేఖ' (1889) వ్రాసిన చందు మేనోన్ మునసబు. ఆయన కూడా డిజ్రేలీ నవల ఒకటి అనువదించబోయి, మానుకొని, సొంతంగా వ్రాశారు. అచ్చం మన పంతులుగారి కథే. కన్నడంలో 'ఇందిరాబాయి' (1899) వ్రాసిన గుల్వాడి వెంకటరావు పోలీసు ఉద్యోగి. ఒడియాలో ఒక రైతు ఆరెకరాల చిల్లర పొలం కాజేసిన కథ వ్రాసిన ఫకీర్‌మోహన్ సేనాపతి సంస్థానాల్లో దివానుగిరి చేసినవాడు. మన గోపాలకృష్ణమ శెట్టి డిప్యూటీ కలెక్టరు. వీరేశలింగం గారు ఉపాధ్యాయులే గాని, ఉద్యోగుల లంచగొండితనాన్ని పత్రికకెక్కించడానికి అర్జీలూ సాక్ష్యాలూ పోగుచేసిన మనిషి.

వీరంతా ఏం చేసేవారు? పొద్దుగూకులూ సామాన్యుల మాట వినేవారు. 'నువ్వు ఎక్కడున్నావు? ఏ వేళ? నీతో ఎవరున్నారు? ఆ ఎద్దును ఎంతకు కొన్నావు?' ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో పురాణం ఉండదు, ఉత్ప్రేక్ష ఉండదు. తన బ్రతుకు తనకు ముఖ్యమైన మనిషి గొంతు ఉంటుంది. నవల ఆ గొంతు నుంచి పుట్టిందని నా నమ్మకం. వాట్ కూడా నవల పాఠకుణ్ణి కోర్టులో జూరీతో పోల్చాడు. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వెలిసినది దక్షిణాది భాషలను ఒకచోట చదవడానికే. ఈ తొలి నవలాకర్తల ఉద్యోగాలను ప్రక్కప్రక్కన పెట్టి చదివే విద్యార్థి అక్కడ ఒక్కడు దొరికినా నా మొర ఫలించినట్లే.

ఇక్కడే అసలు తగవు. వినే చెవి ఉంటే చాలదు, వ్రాసే వచనం కావాలి. అది మనకు లేదా? ఎందుకు లేదు! మెకంజీ కోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులు ఉన్నాయి. మా సీమ కరణాల వచనం అది. ఎవరు చెరువు త్రవ్వించారు, ఎవరు పన్ను ఎగ్గొట్టారు, ఏ పాలెగాడు ఏ కోట పట్టాడు, అంతా సూటిగా ఉంటుంది. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఉంది. 1830లో చెన్నపట్టణం నుంచి బయలుదేరి, దిగిన ప్రతి మజిలీ వ్రాసుకుంటూ పోయిన పుస్తకం, 1838లో అచ్చయింది. ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఏ దారి రాళ్ళదారి, అంతా మాట్లాడే తెలుగులో. ఆ వీరాస్వామయ్య ఎవరనుకున్నారు? చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీ! సాక్షుల మాటను రోజూ చెవులారా వినినవాడు. బ్రౌను దొర 1855లో అచ్చువేయించిన తాతాచార్యుల కథలు ఉన్నాయి. డీఫోకు ఉన్న పనిముట్లన్నీ మనకూ ఉన్నాయి. అవి నవల చేతికి అందలేదు.

ఎందుకంటే అదే సమయంలో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853), 'బాలవ్యాకరణము' (1858) వచ్చాయి. సూరి మహా పండితుడు. ఆయన వచనం శిల్పం. ఇప్పటికీ చదివితే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కాని నక్కలూ కాకులూ నీతులు చెప్పుకోవడానికి చెక్కిన వచనాన్ని మనుషులందరికీ మా పండితులు యూనిఫారంగా తొడిగారు. దుబాసీ వచనం గ్రామ్యమైపోయింది, కరణం వచనం కచేరీ భాష అయిపోయింది. లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయికి నోరు విప్పే సమయం వచ్చేసరికి మన దగ్గర ఆమె మాటకు వ్యాకరణం లేదు. ధవళేశ్వరం వంటలక్క కూడా సూత్రం తప్పకుండా మాట్లాడవలసి వచ్చింది. 'చింతామణి' పత్రిక 1890లలో పోటీలు పెట్టి, చిలకమర్తివారి వంటి చేయి తిరిగిన రచయితలకు బహుమతులిచ్చి నవలను పెంచింది, సంతోషమే. భాషకు సంకెల మాత్రం తీయలేదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి'లో పల్లె మాటకు తలుపు తీశారు. ఆయన ఆ నవల వ్రాసినది జైలులో ఉండి. మాలపల్లికి నోరు రావడానికి రంగరాజ చరిత్ర తరువాత యాభై ఏళ్ళు పట్టింది. ఆ యాభై ఏళ్ళ జాప్యానికి గోల్డ్‌స్మిత్ కారణం కాదు. సూరన కారణం కాదు. మేమే.

వీరేశలింగం గారి పెద్దతనం ఇక్కడ చెప్పాలి. 1919లో వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు ప్రభృతులు వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టినప్పుడు, దానికి అధ్యక్షులుగా నిలిచినవారు ఆయనే. అదే సంవత్సరం కన్నుమూశారు. ఆజన్మాంతం ఒక భాషలో వ్రాసి, చివరి దినాలలో ఆవలి గట్టున నిలబడ్డారు. నా వంటివాళ్ళం ఆయన పేరు ఒక్క మార్కుకు అమ్ముకున్నాం గాని, ఆ చివరి అడుగును పిల్లలకు చెప్పలేదు.

ఇక నా నేరం.

పుంగనూరులో తెలుగు పండితుడిగా ఉన్నప్పుడు, ఏడో తరగతి పిల్లలకు 'మా ఇంటి ఆవు' మీద వ్యాసం వ్రాయమన్నాను. పుంగనూరు పొట్టి ఆవుకు పేరున్న ఊరు గదా. అందరూ 'గోవు సాధు జంతువు' అని మొదలుపెట్టారు. ఒక్క పిల్లవాడు మాత్రం ఇలా వ్రాశాడు: "మా నాయిన ఆవును సంతకు తోలకపోయినాడు. దూడ ఇంటికాడనే ఉండిపోయె. ఆవు యెనక్కి యెనక్కి జూస్తా నడిచె. పలుపు మాత్రం మా నాయిన తిరిగి తెచ్చుకున్నాడు, అది కొత్తదని." నేను ఎర్రసిరా కలం తీసి 'తోలుకొనిపోయెను', 'ఇంటియొద్దనే', 'వెనుకకు' అని దిద్దాను. పదికి మూడు మార్కులు వేశాను. "ఇది భాష కాదురా, నోటికి వచ్చిందంతా వ్రాయకూడదు" అని తరగతిలో నిలబెట్టి చెప్పాను. ఆ తరువాత ఆ పిల్లవాడు ఏ వ్యాసమైనా గైడు చూసి వ్రాసేవాడు. తప్పులుండేవి కావు. ఆవూ దూడా కూడా ఉండేవి కావు. నేను ఎనిమిదేసి మార్కులు వేసేవాణ్ణి.

ఆ పలుపును నేను చాలా ఏళ్ళు మరచిపోయాను. ఉద్యోగ విరమణ తరువాత, ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన క్రూసోకు తోటివారి ఆనవాళ్ళుగా వాళ్ళ టోపీలూ, ఒకదానికొకటి జతకాని రెండు చెప్పులూ మాత్రమే కనబడే చోటు చదువుతుండగా హఠాత్తుగా గుర్తుకొచ్చింది. ఆ జతకాని చెప్పులను లోకమంతా మూడు వందల ఏళ్ళుగా మెచ్చుకుంటున్నది. పుంగనూరు సంత నుంచి తిరిగివచ్చిన పలుపుకు నేను మూడు మార్కులు వేశాను. భాషాప్రవీణుడిగా బాలవ్యాకరణం వల్లించాను, కారకాలు తెలుసు, సంధులు తెలుసు. నా ముందు కూర్చున్నది నవల మొదటి పేరా అని మాత్రం నాకు తెలియలేదు.

మీలో కొందరు అడుగుతారు: 'మాస్టారూ, ఇంత చెప్పి మీరు ఈ టపా వ్రాసింది పుస్తకాల భాషలోనే గదా?' అని. నిజం. అరవై దాటిన చేయి వేరే విధంగా తిరగదు. నా భాషను నేను తిట్టుకోవడం లేదు. నా భాష ఒక్కటే భాష అని నేను చెప్పినందుకు తిట్టుకుంటున్నాను.

ఇంకొకరు అనవచ్చు: 'మీరు సీమవారు గనుక కర్నూలు పుస్తకానికి వకాల్తా పుచ్చుకున్నారు' అని. ఆ ఆశ నాకు లేకపోలేదు. రాయలసీమకు నవల ఆలస్యంగా వచ్చిందనేవారికి 1872, కర్నూలు అని చెప్పి నోరు మూయించాలని మనసు పీకుతుంది. కాని రాజమహేంద్రవరం ముందా, కర్నూలు ముందా అనే పందెం కూడా ఆ ఒక్క మార్కు ప్రశ్న పెంపకమే. తేదీలో రంగరాజ చరిత్ర ముందు. గృహస్థు బ్రతుకును నవలకు ఎక్కించడంలో రాజశేఖర చరిత్ర ముందు. బాణుని కథను తీసుకున్న కొక్కొండ వెంకటరత్నం పంతులు 'మహాశ్వేత'ను 1867 నాటిదని చూపి, అదే ముందనేవారూ ఉన్నారు. మూడూ పిల్లలకు చెప్పండి. ఎందుకు మూడున్నాయో చెప్పండి. పుంగనూరు ఆవును పొడుగుతో కొలిచినవాడికి దాని పాలలోని వెన్న సంగతి తెలియదు.

నాకు చేతనైతే ఆ బిట్టును కొట్టివేసి, ఇలా అడుగుతాను: 'మీ ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతిని, మీ ఇంట్లో మాట్లాడే మాటల్లో, ఒక పుటలో వ్రాయుము.' దానికి కీ ఉండదు. దిద్దేవాడికి కష్టం. ఆ కష్టం పడనివాడికి నవల పుట్టుక గురించి మాట్లాడే అర్హత లేదని, ముప్పయ్యేళ్ళు ఆ కష్టం తప్పించుకున్నవాడిగా చెబుతున్నాను.

కుప్పం పిల్లకు మళ్ళీ ఫోను చేశాను. "పరీక్షలో ఏది పెట్టినా సరే గాని తల్లీ, సెలవులకు మదనపల్లెకు రా. ఆ రెండు పుస్తకాలూ నా దగ్గర ఉన్నాయి" అన్నాను. "పరీక్ష అయినాక వస్తాలే తాతా" అన్నది. వస్తే రెండూ చదివించి, ఏది ముందో అడగను. సోనాబాయి ఏ భాషలో మాట్లాడి ఉంటుందని అడుగుతాను.

అన్నట్టు, ఆ ఆవు వ్యాసం వ్రాసిన అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. నాలుగు పదుల వయస్సు దాటి ఉంటుంది. ఎప్పుడైనా ఈ పుట అతని కంట పడితే, నాయనా, ఆ మూడు మార్కులూ నావి. నీవి పదికి పది.

సెలవు.